మ్యాచ్‌కి వస్తామంటే వద్దంటున్నాడు

ప్రశ్న:

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

వాళ్లబ్బాయి కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో, టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. తెనాలి నుంచి అత్తగారు, మామగారు మే నెలాఖరులో వచ్చారు, నవంబర్ 20న తిరుగు ప్రయాణం. మామగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మనవడి కాలేజీ స్టేడియంలో లక్ష మంది కూర్చుంటారని విన్న దగ్గర్నుంచి, అది చూడకుండా విమానం ఎక్కేది లేదంటున్నారు. ఈమె భర్త ఎవరితోనూ మాట్లాడకుండా నవంబర్‌లో ఒక శనివారం జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి నాలుగు టికెట్లు కొనేశారు. హోటల్లో రెండు గదులు, రెండు రాత్రులు, గదికి రాత్రికి 400 డాలర్ల పైనే. క్యాన్సిల్ చేస్తే పైసా తిరిగిరాదు. పైగా, ఆయన స్నేహితుల కుటుంబాలు రెండు కూడా "మేమూ వస్తాం" అని టికెట్లు తీసుకున్నాయి.

అబ్బాయికి ఫోన్ చేసి చెబితే ముందు "ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగాడట. ఈమె పేర్లన్నీ చెప్పారు. కాసేపు ఏమీ మాట్లాడకుండా, "ఆ వీకెండ్ వద్దమ్మా, నేను బిజీ. డిసెంబర్‌లో నేనే వస్తాగా" అన్నాడు. డిసెంబర్‌కి తాతయ్య, నానమ్మ ఇక్కడ ఉండరు. భర్త మండిపడ్డారు: "ఫీజు కట్టేది నేను. వాడి కాలేజీకి వెళ్లడానికి వాడి పర్మిషన్ ఏంటి?" అత్తగారేమో మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనంటారు, అలాగని ఇంట్లో ఒక్కదాన్నే ఉండనంటారు.

ఉత్తరం చివర్లో, పోతూ పోతూ అన్నట్టు, ఇంకో మాట రాశారు. ఎండాకాలంలో అబ్బాయికి కంప్యూటర్ సైన్స్ రాలేదు, సివిల్ వచ్చింది. "సివిల్ చదవడానికి ఇన్ని డాలర్లా?" అని ఆయన ఒకసారి అన్నారు. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య "తిన్నావా", "డబ్బులున్నాయా" తప్ప వేరే మాట లేదు. వస్తున్న స్నేహితుల్లో ఒకరి అమ్మాయి ఆస్టిన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది.

"వెళ్లాలా, మానాలా? వాడిని ఒప్పించాలా, ఈయన్ని ఆపాలా? నాకేమీ పాలుపోవడం లేదు" అని ఈమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాటలు రెండు. ఒకటి మీ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, రెండోది మీరు చివర్లో పెట్టిన ఆస్టిన్ అమ్మాయి సంగతి. "ఎప్పుడొస్తున్నారు, ఎక్కడ ఉంటారు" అని కాదు, "ఎవరెవరు" అని అడిగాడు. జాబితా మొత్తం విన్నాకే వద్దన్నాడు. తాతయ్య వస్తున్నారంటే వద్దనే పిల్లాడైతే ఆ ప్రశ్నతో పనిలేదు. అతను వద్దంటున్నది ఎవర్నన్నది అతనే చెప్పాలిగానీ, నాకైతే ఆ రెండు కుటుంబాల మీదే అనుమానం.

ఒకసారి అతని వైపు నుంచి చూడండి. మన ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో బ్రాంచి ముందే తేలిపోతుంది, ఏడ్చినా నవ్వినా కాలేజీలో చేరకముందే అయిపోతుంది. ఎ అండ్ ఎంలో అలా కాదు. మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజనీరింగే. ఆ ఏడాది మార్కులు చూసి తర్వాత బ్రాంచి ఇస్తారు. అంటే ఏడాదంతా కలిసి తిరిగిన స్నేహితుల మధ్యే ఒకడికి వచ్చి ఇంకొకడికి రాదు. ఆ దెబ్బ నుంచి అతను ఇంకా పూర్తిగా తేరుకోకముందే, కంప్యూటర్ సైన్స్ వచ్చిన అమ్మాయి తల్లిదండ్రులు అతని ఊరికి వచ్చి, అతని హాస్టల్ గది చూసి, "బాబూ, ఏ బ్రాంచి?" అంటారు. వాళ్లకి దురుద్దేశం ఏమీ ఉండదు, అలవాటుకొద్దీ అడుగుతారు. పక్కన అతని నాన్న ఉంటారు. ఆయన మొహం చూడాల్సింది అతనే. దానికితోడు ఆస్టిన్ యూనివర్సిటీ అంటే ఎ అండ్ ఎం వాళ్లకి ఆగర్భ శత్రువు. వాళ్ల కాలేజీ పాటలోనే ఆస్టిన్ జట్టు చిహ్నమైన ఎద్దు కొమ్ములు రంపంతో కోసేస్తామని ఉంటుంది. అంతమంది అక్కసుతో ఆ పాట పాడుతుంటే, ఆస్టిన్ అమ్మాయి తల్లిదండ్రులు తన ఇంటివాళ్లతో అదే స్టేడియంలో ఉండటం కూడా అతనికి సరదాగా ఉండదు!

మరో సంగతి. మ్యాచ్ ఉన్న వీకెండ్ అంటే అతనికి ఏమిటో మీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలిసినట్టు లేదు. శుక్రవారం అర్ధరాత్రి అదే స్టేడియంలో మిడ్‌నైట్ యెల్ అని జరుగుతుంది. వేలమంది పోగై, మర్నాటి కేకలన్నీ ప్రాక్టీసు చేస్తారు. పడుకునేసరికి ఒంటిగంటో రెండో. శనివారం పొద్దున్నుంచీ టెంట్ల కింద తిండి, కబుర్లు. ఆట మూడున్నర గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ మూడున్నర గంటలూ విద్యార్థులు కూర్చోరు. 1922 జనవరిలో డాలస్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో ఆటగాళ్లు వరసగా గాయపడుతుంటే, ప్రేక్షకుల్లో ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కిందికి పిలిచారు. అతను జెర్సీ వేసుకుని ఆట అయ్యేదాకా సిద్ధంగా నిలబడ్డాడు. ఆడే అవసరం రాలేదు. దాని గుర్తుగా ఇప్పటికీ అక్కడి పిల్లలు ఆటంతా నిలబడే చూస్తారు, తమని పన్నెండో ఆటగాడు అని పిలుచుకుంటారు. విద్యార్థుల టికెట్లు వేరు, వాళ్లు కూర్చునే వైపు వేరు. కాబట్టి మీరు లోపలికి వెళ్లినా మీ అబ్బాయి మీ పక్క సీట్లో ఉండడు. అవతలి వైపు ఆ గుంపులో ఎక్కడో ఉంటాడు.

ఆ పిల్లల్లో ఇంకో పాత ఆచారం కూడా ఉంది: తమ జట్టు స్కోరు చేసినప్పుడల్లా పక్కనున్న డేట్‌కి ముద్దు పెట్టుకుంటారు. మీ అబ్బాయి విషయం నాకు తెలియదు, తెలుసుకోమని మీకూ చెప్పను. మామగారి బైనాక్యులర్స్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఇక అసలు చిక్కు. మీ వారు ఒక్క టికెట్టుతో మూడు పనులు చేద్దామనుకున్నారు. తండ్రికి స్టేడియం చూపించాలి, స్నేహితులతో సరదాగా గడపాలి, కొడుకుతో మళ్లీ మాట కలపాలి. మూడోది ఆయన నోటితో చెప్పి ఉండరు, కానీ ఎవరికీ చెప్పకుండా అంత ఖర్చు పెట్టిన మనిషి కేవలం ఫుట్‌బాల్ కోసం పెట్టారని నేను అనుకోను. "ఫీజు కట్టేది నేను" అనడం కూడా బాధలోంచి వచ్చిన మాటలాగే ఉంది. అయితే లక్ష మంది అరుస్తున్న చోట, మూడు కుటుంబాల మధ్య, రాత్రి నిద్రలేని కొడుకుతో మాట కలపడం ఎవరివల్లా కాదు. ఈ మూడింటినీ విడదీస్తే మీకు దారులు కనిపిస్తాయి.

ఒకటి, మ్యాచ్‌కి మీ వారు, మామగారు ఇద్దరే వెళ్లడం. మామగారి కోరిక తీరుతుంది, అత్తగారి మోకాళ్లకి శ్రమ తప్పుతుంది. మీరూ అత్తగారూ ఇంట్లో ఉండొచ్చు, లేదా కలిసే వెళ్లి హోటల్లో టీవీలో మ్యాచ్ చూడొచ్చు. మిగిలిన రెండు టికెట్లు యూనివర్సిటీ ఒప్పుకున్న యాప్‌లోనే అమ్మేయండి. అమ్మినా కొన్న ధర వస్తుందన్న భరోసా లేదు, పెద్ద జట్టు వస్తే లాభం, చిన్న జట్టయితే నష్టం. ఇందులో ఇబ్బందల్లా తండ్రీకొడుకుల సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. మీరు పక్కన లేకపోతే ఆ ఇద్దరూ మామగారి ద్వారానే మాట్లాడుకుంటారు. అదీ మంచిదేనేమో, ఆలోచించండి.

రెండోది, మ్యాచ్ లేని వారం, లేదా జట్టు వేరే ఊరికి వెళ్లే వారం చూసుకుని వెళ్లడం. ఇల్లంతా కలిసి పిల్లాడిని చూడాలంటే నా ఓటు దీనికే. అదే హోటల్ అప్పుడు ఇందులో సగానికి, ఒక్కోసారి ఇంకా తక్కువకే దొరుకుతుంది. రెండు రాత్రులు ఉండి తీరాలన్న షరతు ఉండదు. మీ అబ్బాయికి ఊపిరాడుతుంది. మామగారు స్టేడియం చుట్టూ తిరిగి బయట నుంచి చూస్తారు. నిండుగా ఉన్న స్టేడియం చూడలేదన్న వెలితి ఆయనకి ఉంటుంది, అది చిన్న వెలితి కాదు. కైల్ ఫీల్డు అనే ఆ స్టేడియంలో 1,02,733 మంది పడతారు. మన దేశంలో ఇప్పుడు అంతకంటే పెద్దది అహ్మదాబాద్ క్రికెట్ స్టేడియం ఒక్కటే. డ్రిల్లు మాస్టారుగా జీవితమంతా పిల్లల్ని ఆడించిన మనిషికి, కాలేజీ పిల్లల ఆట చూడ్డానికి లక్ష మంది రావడం కళ్లారా చూడాలని ఉంటే, అది తీరాల్సిన కోరికే అంటాను. కావాలంటే ఈ రెండు దారులూ కలపొచ్చు: అక్టోబర్‌లో ఒక ఆదివారం అందరూ పిల్లాడి దగ్గరికి, నవంబర్‌లో తాతా తండ్రీ మ్యాచ్‌కి. ఖర్చు పెరుగుతుంది, మూడున్నర గంటల డ్రైవింగ్ రెండుసార్లు పడుతుంది. తలనొప్పి మాత్రం తగ్గుతుంది.

మూడోది, అనుకున్నట్టే అందరూ వెళ్లడం, అయితే మీ అబ్బాయి నుంచి ఒకే ఒక్క భోజనం తప్ప ఏమీ ఆశించకుండా. స్నేహితుల కుటుంబాలు మీతో మ్యాచ్ చూస్తాయి, మీ అబ్బాయిని కలవవు. ఆదివారం ఉదయం మీ ఇంటివాళ్లు మాత్రమే అతనితో కూర్చుంటారు. ఇది స్నేహితులకి ముందే చెప్పాలి, మీ వారే చెప్పాలి. "వాడికి ఆ రోజు వాడి గోల ఉంటుంది, మనం మన గోలలో ఉందాం" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇలా చెప్పడం మీ వారికి ఇష్టం లేకపోతే ఈ దారి పట్టకండి. హోటల్ లాబీలో అందరూ ఎదురుపడి, ఆ "ఏ బ్రాంచి" ప్రశ్న రానే వస్తుంది. అప్పుడు జరిగేది మీ అబ్బాయి డిసెంబర్‌లో కూడా గుర్తుపెట్టుకుంటాడు.

పూర్తిగా మానేయడం నాలుగోది. హోటల్ డబ్బు పోతుంది. అయినా ఆ వారం ఆ ఊళ్లో గది దొరకని తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. హోటల్‌కి ఫోన్ చేసి బుకింగ్‌లో పేరు మార్చడానికి కుదురుతుందా అని అడగండి. ఒప్పుకుంటే అక్కడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క పూటలో ఎవరో ఒకరు తీసేసుకుంటారు. కానీ కొడుకు వద్దన్నాడని మానేశామన్న మాట మీ ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. మామగారు తెనాలి వెళ్లి ఆ మాటే చెబుతారు. అందుకే ఇది నాకు అంతగా నచ్చలేదు.

ఏ దారైనా సరే, ముందు మీ అబ్బాయికి మళ్లీ ఫోన్ చేయండి. ఒప్పించడానికి కాదు. "మేం వస్తే నీకు ఇబ్బందా, లేక వాళ్లొస్తే ఇబ్బందా?" అని సూటిగా అడగండి. జవాబు చెప్పకపోయినా ఆ ప్రశ్న అడిగారని అతనికి తెలుస్తుంది. నా అంచనా తప్పయి, అతనికి నిజంగానే ఆ వారం పరీక్షో ప్రాజెక్టో ఉండొచ్చు. అదీ తేలిపోతుంది. తర్వాత మీ వారి చేత ఒక మెసేజ్ పెట్టించండి. ఇలా ఉంటే బాగుంటుంది: "నాన్నా, తాతయ్యకి స్టేడియం చూపిద్దామని వస్తున్నాం. శనివారం నీ ప్లాన్ నీది, మేం పిలవం. ఆదివారం పదకొండింటికి టిఫిన్‌కి వస్తావా? మనవాళ్లమే. సివిల్ బిల్డింగ్ ఎక్కడుందో తాతయ్యకి చూపించు." ఆ చివరి వాక్యం ఆయనకి కష్టమే. క్షమాపణలు చెప్పమని మీరు పట్టుబడితే అసలు మెసేజే వెళ్లదు. ఈ ఒక్క వాక్యం పెడితే మీ అబ్బాయికి అర్థమవుతుంది. టైము పదకొండుకి తగ్గించకండి, ముందు రోజు రాత్రి వాళ్లకి తెల్లారేసరికి అవుతుంది.

ఇంకో చిన్న పని మామగారికి అప్పగించొచ్చు. వీడియో కాల్‌లో మనవడి చేత ఆట రూల్స్ చెప్పించుకోమనండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లకి పోతుంది అన్న దగ్గర మొదలుపెడితే గంట పడుతుంది. డ్రిల్లు మాస్టారికి సందేహాలు బాగానే వస్తాయి. ఆ గంటలో మీ వారు కూడా సోఫాలో పక్కనే ఉంటే మరీ మంచిది, మాట్లాడక్కర్లేదు.

మ్యాచ్‌కి వెళ్లడమే ఖాయమైతే కొన్ని సంగతులు. మ్యాచ్ టైము చాలాసార్లు వారం, పదిరోజుల ముందు వరకూ ఖాయం కాదు. టీవీ వాళ్లని బట్టి పొద్దున పదకొండు కావచ్చు, రాత్రి ఆరు దాటొచ్చు. కాబట్టి శనివారం వేరే ఏ ప్లానూ పెట్టుకోకండి. మీ టికెట్లు ఏ డెక్‌లో ఉన్నాయో ఇప్పుడే చూడండి. పై డెక్ మెట్లు నిటారుగా ఉంటాయి, అత్తగారు వచ్చేట్టయితే మెట్లెక్కలేని వాళ్లకి వేరే సీట్లు ఉంటాయి, టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి మార్చమని అడగండి. ముందు రోజు కాకుండా వారాల ముందే అడగాలి. కాలేజీ పాట వచ్చినప్పుడు జనమంతా పక్కవాళ్ల భుజాల మీద చేతులేసి అటూ ఇటూ ఊగుతారు. పై డెక్‌లో ఉంటే కాళ్ల కింద కాంక్రీటు కదులుతున్నట్టు తెలుస్తుంది. భయపడక్కర్లేదు, కానీ అత్తగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే భూకంపం అనుకుని లేచి నిలబడతారు.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పులిహోర, పెరుగన్నం మ్యాచ్‌కి ముందు టెంట్ల దగ్గరే తినేయండి, మడత కుర్చీలు పట్టుకెళ్లండి. యాగీ పార్కు అని స్టేడియం దగ్గర్లో పెద్ద పచ్చిక బయలుంది, జనమంతా అక్కడే చేరతారు. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ చుట్టూ ఉన్న గడ్డి మీద మాత్రం కాలు పెట్టకండి. అది యుద్ధాల్లో చనిపోయిన ఆ కాలేజీ వాళ్ల స్మారకం, లోపలికి వెళ్తే టోపీ కూడా తీసేయాలి. మామగారికి ముందే చెబితే ఆయనే అందరిచేతా పాటింపజేస్తారు. మ్యాచ్ అయ్యాక కారు బయటపడటానికి గంట పడుతుంది, ఆ రాత్రే ఫ్రిస్కో తిరిగి వెళ్లాలనుకోకండి. ఆదివారం టిఫిన్ అయ్యాక పెద్ద బుష్ గారి లైబ్రరీకి తీసుకెళ్లండి. ఆయన సమాధి, పేరు రాసిన రైలింజన్ అక్కడే ఉన్నాయి. అత్తగారికి ఎక్కువ నడక కూడా ఉండదు.

ఈ వారంలో చేయాల్సింది ఆ రెండు టికెట్ల సంగతి తేల్చడం. స్నేహితులతో మాట్లాడటం కూడా మీ వారు ఇప్పుడే చేస్తే నయం, వాళ్లు ఇంకా హోటల్ తీసుకోకపోయి ఉండొచ్చు. స్టేడియంలోకి లోపలి వస్తువులు కనపడే ప్లాస్టిక్ సంచి తప్ప పెద్ద బ్యాగులు రానివ్వరు. అత్తగారు వస్తున్నట్టయితే బీపీ మాత్రలు, జండూబామ్, కళ్లద్దాలు ముందే అందులోకి సర్దేయమనండి. ఆమె చేతిసంచి కారులోనే ఉండిపోతుంది, దానికి ఆమె ఒప్పుకోవాలి.